నది మీద పడవ తన పేరు తానే చెప్పుకొంటే

(పెన్షనర్ల దినోత్సవం నాడు జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పును తలచుకుంటాం. డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుని భోంచేసి వెళతాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను వేరే సంగతి మాట్లాడమన్నారు. కారణం మీకందరికీ తెలుసు. సంక్రాంతి వెళ్లాక కుటుంబాలతో సహా లాంచీ మీద పాపికొండలు వెళ్లి వద్దామని కార్యవర్గం తీర్మానించింది. నలభై పైచిలుకు పేర్లు వచ్చాయి. వారం తిరగకుండా పది, పన్నెండు పేర్లు వెనక్కు వెళ్లాయి. "కచ్చులూరు అప్పుడే మరచిపోయారా?" అని ఒక సోదరి కార్యదర్శి గారిని ఫోనులో అడిగారట. అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబుగా "ఏం ఫరవాలేదు, అంతా దేవుడు చూసుకుంటాడు" అనటం నాకు ఇష్టం లేదు. దేవుడు చూసుకుంటాడు సరే, కంట్రోల్ రూములో ఎవరు చూసుకుంటారన్నది నా ప్రశ్న.

నేను ఇంజనీరును కాను. వరదల కాలంలో ధవళేశ్వరంలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నవాణ్ణి. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయిన రోజుల్లో మీలో చాలామంది గట్ల మీద ఇసుక బస్తాల దగ్గర ఉన్నారు. నేను హెడ్‌ఫోను తగిలించుకుని ఎగువ స్టేషన్ల నుంచి వచ్చే నీటిమట్టాలు రాసుకుంటున్నాను. కాబట్టి రేడియో ఎలా పనిచేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో నాకు కొంత తెలుసు. ఆ తెలిసినంతలోనే చెబుతాను.

ముందు కచ్చులూరు సంగతి. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పోతోంది. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన విహార బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర సుడిగుండాల తావులో తిరగబడింది. ఏభైమంది దాకా పోయారు. బతికినవాళ్లను ఒడ్డునున్న గిరిజన గ్రామాలవాళ్లు తమ పడవలు వేసుకుపోయి తీశారు. మునిగిన బోటును కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న గాని ఒడ్డుకు చేర్చలేకపోయింది. అంటే అయిదు వారాలు దాటింది. అన్నిటికంటె నన్ను బాధించిన విషయం మరొకటుంది. బోటులో ఎంతమంది ఎక్కారన్న అంకె మొదటి రోజున ఒకటి, తర్వాత మరొకటి. సినిమా హాల్లో ఎన్ని టిక్కెట్లు తెగాయో ఆట మొదలయిన పావుగంటకే చెబుతారు. నది మధ్యలోకి పంపిన మనుషుల లెక్క మాత్రం శవాలు దొరుకుతున్నకొద్దీ సరిచేసుకున్నాము.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సముద్రం మీద తిరిగే పెద్ద నౌకలన్నిటికీ ఎ.ఐ.ఎస్. అనే పరికరం ఉంటుంది. నౌక తన్ను తాను రేడియోలో పరిచయం చేసుకునే యంత్రం అనుకోండి. నా పేరిది, నా నంబరిది, నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా దిక్కుగా ఇంత వేగంతో పోతున్నాను అని ఎవరూ అడగకుండానే చెబుతూ ఉంటుంది. మామూలు వేగంలో 10 సెకండ్లకొకసారి, వేగం పెరిగినా మలుపు తిరుగుతున్నా ఇంకా తొందరగా, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకొకసారి చెబుతుంది. మనం బతికే ఉన్నామని ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వటానికే ఆపసోపాలు పడుతున్నాం. ఆ నౌక పది సెకండ్లకొకటి చొప్పున ఇస్తోంది, వేలిముద్ర పడలేదన్న పేచీ కూడా లేదు.

దీనికి వాడే తరంగాలు మన పాత వి.హెచ్.ఎఫ్. సెట్లవంటివే. ప్రపంచమంతటికీ రెండే చానళ్లు, 161.975, 162.025 మెగాహెర్ట్జ్. మరి వందల నౌకలు రెండే చానళ్లలో మాట్లాడితే కలగాపులగం కాదా? మా వరద వైర్‌లెస్‌లో ఈ బాధ రోజూ ఉండేది. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే కీచుమన్న శబ్దం తప్ప మరేమీ వినిపించేది కాదు. అందుకని కంట్రోల్ స్టేషన్ పేరు పెట్టి పిలిచేది, పిలిచినవాళ్లే మాట్లాడాలి. ఎ.ఐ.ఎస్.లో అలా పిలిచే పెద్దమనిషి లేడు. ఒక్కో చానల్లో ప్రతి నిమిషాన్నీ 2,250 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క సెకండులో నలభయ్యో వంతుకు కాస్త ఎక్కువ. ప్రతి నౌకా తన ముక్కలో తన మాట చెప్పి, రాబోయే నిమిషాల్లో తాను వాడబోయే ముక్క ఫలానాది అని కూడా ముందే చెప్పి ఉంచుతుంది. విన్నవాళ్లు ఆ ముక్కను వదిలేస్తారు. బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపుకోవటం లాంటిదే, కాకపోతే ఇక్కడ తువ్వాలును అందరూ గౌరవిస్తారు. ఎవరి వంతు వారే చూసుకునే ఈ పద్ధతిని రూపొందించినవారిలో స్వీడన్ దేశస్థుడు హోకన్ లాన్స్ ముఖ్యుడు. ఎక్కడున్నామన్నది ఉపగ్రహాల సాయంతో పరికరమే తెలుసుకుంటుంది.

సముద్రం మీద ఇది తప్పనిసరి కావటానికి వెనుక కూడా ఒక ప్రమాదం ఉన్నది. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు నౌక రాతి దిబ్బకెక్కింది. దారి తప్పుతున్న నౌకను ఒడ్డునున్నవాళ్లు కనిపెట్టి ఉండలేకపోయారు. ఆ తర్వాత అక్కడి ట్యాంకర్లు తామెక్కడ ఉన్నదీ తామే చెప్పేటట్లు అమెరికా చట్టం చేసింది. 2002 జూలై నుంచి కొత్త నౌకలకు, 2004 ఆఖరు నాటికి అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నులు, ఆపైన ఉన్న పాత నౌకలకు ఎ.ఐ.ఎస్. ఉండి తీరాలన్నది ప్రపంచ నియమమయింది. ప్రయాణికుల నౌకలయితే పరిమాణంతో పని లేదు.

ఇంతవరకు సముద్రం. నది వేరు. సముద్రంలో ఎదురయ్యే నౌకలు సాధారణంగా ఎడమవైపు ఎడమవైపు చూపిస్తూ తప్పుకుంటాయి. నదిలో ఎదురెక్కే పడవ ప్రవాహం తక్కువ ఉన్న ఒడ్డును వెదుక్కుంటుంది. మన సరంగులందరికీ ఇది తెలిసిన విద్యే. వంపు లోపలివైపు నీరు నెమ్మది. ఆ వైపుకు పోవాలంటే ఒక్కోసారి ఎదురు వచ్చే పడవను రెండో పక్కనుంచి పోనివ్వాలి. యూరపులో రైన్ నది మీద ఎదురెక్కే నౌకదే ఈ నిర్ణయం. కుడివైపున నీలం పలక ఎత్తి, దాని మీద తెల్లదీపం మిణుకుమిణుకుమనిపిస్తుంది. ఎదుటి నౌక తానూ పలక ఎత్తి సరే అంటుంది. నది నౌకల కోసం చేసిన ఎ.ఐ.ఎస్.లో ఈ నీలం పలక ఎత్తినదీ లేనిదీ కూడా రేడియోలో పోతుంది. వంపు అవతల ఉన్నవాడికి పలక కనబడకముందే సంగతి తెలుస్తుందన్నమాట. ప్రమాదకరమైన సరుకు ఉన్నదా, ఎన్ని బార్జీలు జోడించి తోస్తున్నారు, వంతెన కింద పట్టటానికి నౌక ఎంత ఎత్తు, లాకు దగ్గరకు ఎన్ని గంటలకు చేరుతుంది, ఇవన్నీ కూడా పంపవచ్చు. అక్కడ ప్రతి నది నౌకకూ ఎనిమిది అంకెల శాశ్వత సంఖ్య ఉంటుంది. యజమాని మారినా, పేరు మారినా సంఖ్య మారదు.

లాకు అంటే గుర్తు వచ్చింది. మన డెల్టా కాలువల మీద పడవలు బారులు తీరిన రోజులు చూసినవారు ఇక్కడ ఇంకా కొందరున్నారు. పడవ వస్తున్నదని లస్కరుకు తెలిసేది కంటికి కనబడినప్పుడే. రెండు పడవలు పట్టే లాకులో ఒక్కదాన్నే దింపి, తలుపులు మూశాక రెండోది వచ్చి కేకలు వేయటం, ఆ తగాదా సెక్షన్ ఆఫీసుదాకా రావటం మామూలే. రైన్, డాన్యూబ్ నదుల మీద ఇప్పుడు లాకు అధికారి తెర మీద చూసి, నీవు ఫలానా గంటకు వస్తే చాలు, తొందరపడి నూనె తగలేయకు అని ముందే కబురు పెడతాడు. పడవలవాళ్లకు దీనివల్ల మిగిలేది నిజమైన డబ్బు. అందుకే పరికరం మీద వాళ్ల వ్యతిరేకత త్వరగానే సద్దుమణిగిందని నా అభిప్రాయం.

ఆస్ట్రియా డాన్యూబ్ మీద 2008 జూలై 1 నుంచి, రైన్ నది మీద 2014 డిసెంబరు 1 నుంచి ఇది తప్పనిసరి. రైన్ మీద పరికరంతోపాటు నది పటం చూపే తెర కూడా ఉండాలన్నారు. చిన్న పడవలకు మినహాయింపు ఉన్నది. మా మనవడు ఉద్యోగరీత్యా జర్మనీలో ఉన్నాడు. ఫోనులో పటం తెరిచి, లోరెలై అనే కొండమలుపు దగ్గర ఎదురెక్కుతున్న బార్జీల పేర్లు, వేగం ఇక్కడ మా ఇంట్లో కూర్చున్న నాకు చదివి వినిపించాడు. ఎవరయినా చూడవచ్చునట. మా ఆవిడ పక్కనుంచి విని, "మీరు బజారుకు వెళ్లినప్పుడు జేబులో పెట్టటానికి ఇలాంటిది దొరుకుతుందేమో కనుక్కోండి" అన్నది.

నవ్వుకున్నాం గాని, ఆ లోరెలై దగ్గరే 2011 జనవరి 13న వాల్డ్‌హోఫ్ అనే నౌక 2,400 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తిరగబడింది. నలుగురిలో ఇద్దరు పోయారు. నెల రోజులు నది మూతపడింది. కారణం ఏమిటి? సరుకు నింపిన తీరులో నౌకకు నిలకడ లేకపోవటం. దీన్ని ఏ రేడియో ఆపుతుంది? ఎక్కువమందిని ఎక్కించటాన్ని, పై అంతస్తులో జనం ఒక పక్కకు ఒరగటాన్ని, వరదలో బయలుదేరటాన్ని ఎ.ఐ.ఎస్. ఆపదు. ఇది కచ్చితంగా చెప్పి తీరాలి. పరికరం పెట్టాం గనుక భద్రత వచ్చేసిందని ప్రకటనలు చేసేవాళ్లను నమ్మవద్దు.

ఇంకొక ఉదాహరణ కచ్చులూరు జరిగిన ఏడాదిదే. 2019 మే 29 రాత్రి వానలో, బుడాపెస్టులో మార్గరెట్ వంతెన దగ్గర హబ్లియాన్ అనే చిన్న విహార నౌకను ఒక పెద్ద క్రూయిజ్ నౌక వెనుకనుంచి ఢీకొట్టింది. 35 మందిలో ఏడుగురే బతికారు. ఎక్కువమంది దక్షిణ కొరియా నుంచి వచ్చిన యాత్రికులు. డాన్యూబ్ మీద పరికరాలకు కొదవ లేదు. పెద్ద నౌక కెప్టెన్ ముందు ఏముందో గమనించలేదు, రేడియోలో హెచ్చరించనూ లేదు. 2023లో అక్కడి కోర్టు అయిదున్నర సంవత్సరాల జైలుశిక్ష వేసింది. యంత్రం చెబుతుంది, వినవలసింది మనిషి. ఆ మనిషికి నిద్ర చాలిందా, డ్యూటీ ఎన్ని గంటలు వేశారు అన్నవి కూడా మనబోటి ఉద్యోగులు అడగవలసిన ప్రశ్నలే.

లోపాలు ఇంకా ఉన్నాయి. పరికరం ఉన్నవాళ్లే తెర మీద కనబడతారు. తాటిదోనె మీద వల వేసుకునేవాడు కనబడడు. తెర మీద లేడు గనుక నీటి మీద కూడా లేడనుకుంటే కొంప మునిగినట్లే. స్విచ్చి తీసేస్తే నౌక మాయమయిపోతుంది. పేరు, గమ్యం చేత్తో ఎక్కించవలసినవి, తప్పులు దొర్లుతాయి. కావాలని అబద్ధం చెప్పినా యంత్రం పట్టుకోలేదు.

మన దేశంలో దీన్ని మొదట పెట్టింది గంగ మీద. 1986లో ఏర్పడిన భారత అంతర్గత జలమార్గాల ప్రాధికార సంస్థ ఒకటో జాతీయ జలమార్గాన్ని చూస్తోంది. అలహాబాదు నుంచి హల్దియా దాకా 1,620 కిలోమీటర్లు. హల్దియా నుంచి ఫరక్కా దాకా నది సమాచార వ్యవస్థను 2016 జనవరిలో ప్రారంభించారు. ఒడ్డున స్టేషన్లు, కలకత్తాలోను ఫరక్కాలోను కంట్రోల్ కేంద్రాలు. గంగకు అది చాలా అవసరం, ఎందుకంటే ఆ నది పాయ ఏటేటా జరుగుతుంది. వెదురు తడికలు పాతి నీటిని ఒక పాయలోకి మళ్లించి లోతు నిలబెడతారు. ఈ ఏడాది లోతు ఉన్నచోట వచ్చే ఏడాది ఇసుక మేట ఉండవచ్చు. అటువంటిచోట తేలే బోయాలు వరదకు కొట్టుకుపోతాయి. ఎ.ఐ.ఎస్. ద్వారా ఒడ్డునుంచే లేని బోయాను నౌక తెర మీద చూపించే వీలు ఉన్నది. నీటిలో ఏమీ ఉండదు, పటం మీద మాత్రం ఇక్కడ మేట, తప్పుకో అని గుర్తు పడుతుంది. మన గోదావరి లంకల మధ్య సరంగులకు ఇది ఎంత పనికివస్తుందో చెప్పనక్కరలేదు.

మన కాకినాడ, ఏలూరు కాలువలు, బకింగ్‌హాం కాలువ, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరి, కృష్ణలో కొంత భాగం కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించారు. ప్రకటన అయితే అయింది. కాలువల్లో గుర్రపుడెక్క ఎంత ఉన్నదో మీరే చూస్తున్నారు, దాని గురించి మాట్లాడితే భోజనాల వేళ దాటిపోతుంది. చట్టం విషయంలో మాత్రం మేలు జరిగింది. 1917 నాటి పాత చట్టం పోయి 2021 నాటి కొత్త చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చింది. లోపలి జలాల్లో తిరిగే యాంత్రిక నౌకల రిజిస్ట్రేషన్ వివరాలు దేశానికంతటికీ ఒకచోట ఉండేటట్లు చేశారు. మన రాష్ట్రంలో 2020 జూన్‌లో తొమ్మిదిచోట్ల బోటు కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేశారు. గండిపోచమ్మ, సింగన్నపల్లి, పేరంటపల్లి వాటిలో ఉన్నాయి.

ఇక్కడ వైర్‌లెస్‌వాడిగా ఒక మాట చెప్పాలి. వి.హెచ్.ఎఫ్. తరంగం ఇంచుమించు చూపు పోయినంతమేర పోతుంది. కొండ అడ్డం వస్తే ఆగుతుంది. పాపికొండల దగ్గర నది ఎంత ఇరుకో, ఎన్ని మెలికలో మీకు తెలుసు. అక్కడ లాంచీలో పరికరం పెట్టి, ఆఫీసు మేడ మీద ఒక ఏరియల్ పెడితే సరిపోదు. లాంచీకి లాంచీ వినబడవచ్చు గాని, కంట్రోల్ రూముకు వినబడేది అనుమానమే. కొండ కొమ్మున, మలుపులకు రెండువైపులా కనబడేచోట, సోలారు పలకతో పనిచేసే రిపీటరు ఉండాలి. ఎక్కడెక్కడ అన్నది కాగితం మీద గీతలు గీసి కాదు, సెట్టు పట్టుకుని లాంచీలో తిరిగి చూసి నిర్ణయించాలి. మేము వరద స్టేషన్లకు అలాగే చేసేవాళ్లం.

ఇంత పట్టుబట్టటానికి కారణం ఉన్నది. 2019లో ఆ పాతికమంది బతికింది ఒడ్డున ఊళ్లు ఉండబట్టి. కేక విన్నవాళ్లున్నారు, పడవ ఉన్నవాళ్లున్నారు. పోలవరం ముంపు కింద దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఆ తర్వాత ఖాళీ అయ్యాయి. ఆ కళ్లు, ఆ చెవులు ఇప్పుడు అక్కడ లేవు. విహారానికి వెళ్లే జనం మాత్రం వెళుతూనే ఉన్నారు. ఒడ్డున మనిషి లేనిచోట లాంచీ నిశ్శబ్దంగా ఉండిపోతే, సాయంత్రం తిరిగి రాలేదని తెలిసేవరకు ఎవరికీ అనుమానం రాకపోవచ్చు. ఎ.ఐ.ఎస్. బోటు తిరగబడకుండా ఆపలేకపోయినా, పది సెకండ్లకొకసారి వచ్చే మాట ఆగిపోయిందని, ఆఖరిసారి వచ్చింది ఫలానా చోటునుంచని చెబుతుంది. నీళ్లలో ఉన్నవాడికి పావుగంటంటే పావుగంట కాదు, ప్రాణం. యూరపు నదుల పద్ధతిలో నౌక మీద సిబ్బంది ఎందరు, ప్రయాణికులు ఎందరు అన్న సంఖ్య పంపటానికి కూడా ఏర్పాటు ఉన్నది. అంకె ముందే ఒడ్డుకు చేరి ఉంటే, ఎవరెవరు ఎక్కారోనని వెదుక్కునే దుస్థితి కుటుంబాలకు రాదు.

కాబట్టి యాత్రకు వెళదామా, మానుకుందామా అంటే నేను వెళదామనే చెబుతాను. జనవరిలో గోదావరి నెమ్మదిగా ఉంటుంది. అయితే డబ్బు కట్టేముందు బోటువారిని నాలుగు మాటలు అడగాలి. బోటు రిజిస్ట్రేషన్ కాగితం, సర్వే సర్టిఫికెట్ చూపించగలరా? బోటు ఎక్కడుందో ఒడ్డుకు చెప్పే పరికరం ఏమున్నది, మలుపుల్లో అది పనిచేస్తుందా? బయలుదేరేముందు మన పేర్ల పట్టిక కంట్రోల్ రూములో ఇస్తారా? లైఫ్ జాకెట్లు మొదటినుంచి చివరిదాకా వేసుకునే ఉంటామంటే అభ్యంతరమా? ఈ ఆఖరి ప్రశ్న బోటువారికంటె మనవాళ్లకే వేయాలి. ఫోటోల కోసం జాకెట్ విప్పేవాళ్లు మనలోనే ఎక్కువ.

రెండో పని, కలెక్టరు గారికి ఒక అర్జీ తయారు చేశాను. విహార లాంచీలన్నిటికీ ఎ.ఐ.ఎస్. పరికరం, కొండ మలుపుల్లో రిపీటర్లు, కంట్రోల్ రూములో లాంచీలు తిరిగినంతసేపూ మెలకువగా ఒక మనిషి, ఆ మనిషికి బోటును ఆపే అధికారం. ఇవే మనం కోరేది. ఆఖరిది లేకపోతే మొదటి మూడూ గోడకు తగిలించిన గడియారాలవుతాయి. రిపీటర్లకు తావులు చూడటానికి పిలిస్తే నేను వస్తాను, భత్యం అడగను.

అర్జీ కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నది. సంతకాలు భోజనానికి ముందే పెట్టండి. తర్వాతయితే గారెల నూనె కాగితానికి అంటుకుంటుంది.